గ్రిడ్ పేరు పోయింది.. పని మిగిలింది

ఏటా అక్టోబరు దాటితే నెల్లూరు తీరంలో అందరిదీ ఒకటే ప్రశ్న.. ‘వాయుగుండం ఎటు పోతోంది?’ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకి సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి అంచనా వెనక శాస్త్రవేత్తలతో పాటు వేల ప్రాసెసర్లు ఉంటాయి. ఒక్కోటి సముద్రంలో ఒక్కో ముక్క లెక్క చూసుకుంటుంది. ఒక పెద్ద పనిని ఇలా చాలా యంత్రాలకు పంచే చదువులో ఒక భాగమే మన ఎలక్టివ్ జాబితాల్లో కనిపించే ‘గ్రిడ్ కంప్యూటింగ్’.

‘అన్నా, అది నేర్చుకుంటే జాబ్ వస్తుందా?’ అని జూనియర్లు నన్ను తరచూ అడుగుతుంటారు. సూటిగా చెప్పాలంటే, ఆ పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగ ప్రకటనలు దాదాపు కనిపించవు. అలాగని ఆ సబ్జెక్టును పక్కన పడేస్తే నష్టపోయేది మీరే. ఎందుకో చూద్దాం.

కావలి తుపాను కాలం నుంచి

1989 నవంబరులో పెను తుపాను కావలి దగ్గర తీరాన్ని తాకింది. మన దేశం వాతావరణ అంచనాల కోసం అమెరికా నుంచి క్రే ఎక్స్-ఎంపీ సూపర్ కంప్యూటర్ తెచ్చుకున్నదీ ఆ రోజుల్లోనే. అంతకంటే శక్తిమంతమైనది ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోలేదు. 1988లో పుణెలో సీ-డాక్ పుట్టింది. 1991లో పరమ్ 8000 తయారైంది. ఒక్క భారీ ప్రాసెసర్ బదులు, ట్రాన్స్‌ప్యూటర్లు అనే చిన్న ప్రాసెసర్లను చాలా కలిపి పని చేయించడమే అందులోని కిటుకు.

ఒకే చోట, ఒకే యజమాని కింద ఉన్న యంత్రాల గుంపు క్లస్టర్. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్న యంత్రాలను కలిపితే గ్రిడ్. ఈ పేరు కరెంటు గ్రిడ్ నుంచే వచ్చింది. స్విచ్ వేసినప్పుడు ఆ కరెంటు కృష్ణపట్నం నుంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అని మనం అడగం కదా! కంప్యూటింగ్ కూడా అలాగే అందాలన్న ఆలోచనను ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్‌మన్ 1998లో తెచ్చిన పుస్తకం బాగా ప్రచారంలోకి తెచ్చింది. సెర్న్ ప్రయోగాల డేటాను విశ్లేషించే గ్రిడ్ 40కి పైగా దేశాల్లో పనిచేస్తోంది. అందులో మన ముంబై, కోల్‌కతా కేంద్రాలూ ఉన్నాయి. సీ-డాక్ కూడా ‘గరుడ’ పేరుతో జాతీయ గ్రిడ్ నడిపింది.

మరి పేరు ఎందుకు పోయింది?

గ్రిడ్‌లో చేరాలంటే సంస్థల మధ్య ఒప్పందాలు, సర్టిఫికెట్లు, అనుమతులు కావాలి. 2006లో అమెజాన్ ఈసీ2 వచ్చాక ఒక కార్డు ఉంటే చాలు, యంత్రం అద్దెకు దొరుకుతోంది. కంపెనీలు అటు మళ్లాయి. గ్రిడ్‌కు ఆయువుపట్టు లాంటి గ్లోబస్ టూల్‌కిట్‌కు 2018లో సపోర్ట్ ఆగిపోయింది. దాని కమాండ్లు మాత్రమే బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. లోపలి సూత్రం తెలిసినవాళ్లకు ఆ బాధ లేదు. ఏ పని ఏ యంత్రానికి ఇవ్వాలన్న ప్రశ్న ఇప్పుడు స్లర్మ్, కుబర్నెటీస్ రూపంలో ఉంది. డేటా ఉన్న చోటికే పనిని పంపడం హడూప్, స్పార్క్‌లలో కనిపిస్తుంది. వేల జీపీయూలతో ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వడంలోనూ పెద్ద తలనొప్పి పని పంచడమే.

అలివి వల లెక్క

మన తీరంలో అలివి వల లాగడం చూసే ఉంటారు. రెండు వైపులా తాళ్లు పట్టి గుంపులుగా లాగుతారు. ఒక వైపు వాళ్లు తొందరపడితే లాభం లేదు, రెండో వైపు కూడా రావాలి. ఒడ్డున మనుషుల్ని రెట్టింపు చేసినా వల సగం టైంలో రాదు. సమాంతర ప్రోగ్రాముల్లోనూ ఇంతే. పనిలో 10 శాతం పంచడానికి వీల్లేనిదైతే 4 యంత్రాలతో వచ్చే వేగం సుమారు 3 రెట్లు. 100 యంత్రాలు పెట్టినా 9 రెట్లే. ఎన్ని పెట్టినా 10 దాటదు. దీన్నే అమ్‌డాల్ సూత్రం అంటారు.

ఇంకో లెక్క చూడండి. 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు. అంతకుముందు 12. సగమే కదా అనుకోవద్దు. పొడవు, వెడల్పు రెండూ సగమైతే గడులు 4 రెట్లు అవుతాయి. కాలపు అడుగు కూడా సగం చేయాలి కాబట్టి మొత్తం లెక్క సుమారు 8 రెట్లు పెరుగుతుంది. ఇంటర్వ్యూలో ఇలా లెక్క కట్టి చెప్పగలిగితే వినేవాళ్లు తప్పక ఆగి వింటారు.

నా మొదటి ఇంటర్వ్యూలో నేను గ్రిడ్‌కు నిర్వచనం గడగడా చెప్పేశాను. ‘పదిలో ఒక మెషిన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావ్?’ అని అడిగారు. నోరు పెగల్లేదు. అసలు సబ్జెక్టు ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుందని తర్వాత తెలిసింది.

ఇంట్లోనే మొదలుపెట్టండి

* ముందు లినక్స్, నెట్‌వర్క్ బేసిక్స్, ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా గట్టిగా నేర్చుకోండి. ఎన్‌పీటెల్‌లో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు.
* మీ ల్యాప్‌టాప్‌లోనే ఎంపీఐ వేసుకుని, కోటి లోపు ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టే ప్రోగ్రాం రాయండి. 1, 2, 4 ప్రాసెస్‌లతో టైం కొలిచి గ్రాఫ్ గీయండి. సంఖ్యల్ని సమానంగా పంచినా పని సమానం కాదు. ఒక్కో సంఖ్యనూ భాగించి చూస్తే పెద్దవాటికి ఎక్కువ సేపు పడుతుంది. దాన్ని ఎలా సరిచేశారో రాసి పెట్టుకోండి.
* రెండు మూడు వర్చువల్ మెషిన్లలో స్లర్మ్ గానీ హెచ్‌టీకాండర్ గానీ పెట్టండి. జాబ్ నడుస్తుండగా ఒక మెషిన్ ఆపేయండి. ఎంపీఐలో మామూలుగా ఒక ప్రాసెస్ పోతే మొత్తం జాబ్ పోతుంది. అప్పుడు చెక్‌పాయింట్ విలువ అర్థమవుతుంది.
* ఈ కోడ్, గ్రాఫులు, ఎదురైన తప్పులు అన్నీ గిట్‌హబ్‌లో పెట్టండి.

ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే సీ-క్యాట్ పరీక్ష రాసి సీ-డాక్ పీజీ డిప్లొమాలకు ప్రయత్నించొచ్చు. ప్రైవేటు కోర్సుకు ఫీజు కట్టే ముందు మాత్రం ఒక్క మాట అడగండి.. ‘మెషిన్ ఆగిపోతే ఏం చేయాలో ల్యాబ్‌లో చేయిస్తారా?’ జవాబు కేవలం టూల్స్ పేర్ల జాబితా అయితే ఆ డబ్బు ఇంట్లోనే ఉంచండి. ఈ వారాంతం పైన చెప్పిన ప్రధాన సంఖ్యల ప్రోగ్రాంతో మొదలుపెట్టండి. దానికి రూపాయి ఖర్చు లేదు.