ఓడించినవాళ్లతోనే మళ్లీ ఆట

కాలేజీ ఫుట్‌బాల్ పోటీల్లో ఒక చిక్కు తరచూ వస్తుంటుంది. లీగ్ మ్యాచ్‌లో మనల్ని ఓడించిన జట్టే ఫైనల్లో మళ్లీ ఎదురవుతుంది. ఇక కుర్రాళ్లకు నిద్ర పట్టదు. ‘వాళ్ల గోల్‌కీపర్ తాటిచెట్టులా ఉంటాడ్రా’, ‘ఆ లెఫ్ట్ వింగర్‌ని ఆపడం మన వల్ల కాదు’ అని ఒకటే చర్చ. ఇంట్లో పెద్దవాళ్లేమో ‘గెలుపోటములదేముంది, బాగా ఆడితే చాలు’ అంటారు. మంచి మాటే గానీ, ఆ రాత్రికి పనికొచ్చే మాట కాదు. అవతలి జట్టును అంచనా వేయడమెలాగో చేసి చూపించిన మాస్టారు ఒకాయన మన జంటనగరాల్లోనే ఉండేవారు.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి రీత్యా బడిపంతులు. 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఇరవయ్యేళ్ల తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయికి కూడా డబ్బుల్లేని ఆ కుర్రాడికి రహీం తన జేబులోంచి రూపాయి ఇచ్చేవారట.

ఇప్పుడు 1962 జకార్తా ఆసియా క్రీడలకు వద్దాం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుని ఫైనల్‌కు వెళితే, అక్కడ మళ్లీ కొరియానే. స్టేడియంలో జనమంతా మనకు వ్యతిరేకం. డిఫెన్స్‌కు వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం అతన్ని కూర్చోబెట్టలేదు, పాత చోటా ఇవ్వలేదు. సెమీఫైనల్లోలాగే ఫైనల్లోనూ ముందు వరసలో నిలబెట్టారు. సెప్టెంబరు 4న జరిగిన ఆ మ్యాచ్‌లో పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. ఏషియాడ్ ఫుట్‌బాల్లో ఆ తర్వాత మళ్లీ మనకు స్వర్ణం రాలేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మనం అవతలివాళ్లను కొలుస్తున్నప్పుడు వాళ్లూ మనల్ని కొలుస్తుంటారు. మొదటి మ్యాచ్‌లో కొరియావాళ్లు చూసిన జర్నైల్ వేరు, ఫైనల్లో వాళ్ల గోల్ ముందుకొచ్చి నిలబడ్డ జర్నైల్ వేరు. వాళ్లు తీసుకున్న కొలత పాతబడిపోయింది.

హైదరాబాద్‌లో రహీం పెట్టించిన పోటీలూ అలాంటివే. ఒకదానిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఇంకోదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ‘వీడికి ఎడమ కాలు పనిచేయదు’ అని ప్రత్యర్థి పసిగట్టే అవకాశమే లేకుండా చేయడమన్నమాట.

కాబట్టి ఫైనల్‌కు ముందు మీ ఇంటి ఆటగాడికి చెప్పాల్సింది ఇది. ‘వాళ్లు గట్టివాళ్లు’ అనేది అంచనా కాదు, భయం. ‘వాళ్ల రైట్ బ్యాక్ పైకి వెళితే వెంటనే వెనక్కి రాడు’, ఇదీ అంచనా అంటే. వాళ్ల మ్యాచ్ ఇంకొకటి ఉంటే వెళ్లి చూడమనండి. బంతి వెంట పరిగెత్తే కళ్లతో కాదు, బంతి లేనివాళ్లు ఏం చేస్తున్నారో చూసే కళ్లతో. ఎవరు ఏ కాలితో తన్నుతున్నారు? కార్నర్ కిక్ వస్తే గోల్‌కీపర్ ముందుకు వస్తాడా, గీత మీదే ఉండిపోతాడా? రెండో సగంలో ముందుగా ఎవరు అలిసిపోతున్నారు? నాలుగు విషయాలు కాగితం మీద పెడితే చాలు, తాటిచెట్టు కాస్తా మనిషైపోతాడు.

ఆ తర్వాత అదే కాగితం వెనక్కి తిప్పి, మన గురించి వాళ్లేం రాసుకుని ఉంటారో కూడా రాయమనండి. చాలా జట్లు ఈ రెండో పేజీ జోలికే పోవు. అందులో కనీసం ఒక్క మాటైనా ఫైనల్ నాటికి అబద్ధం చేయగలిగితే, మొదటి మ్యాచ్ ఓటమి వృథా పోనట్టే.