కావలివారమా? కబ్జాదారులమా?

శీతాకాలం వచ్చిందంటే కొల్లేటి ఆటపాకలో గూడబాతుల సందడే సందడి. సంచి వంటి ముక్కుతో చేపను ముంచుకుని తిని, ఆకలి తీరగానే రెక్కలు ముడుచుకుని కూర్చుంటుంది గూడబాతు. రేపటి కోసమని నీటి చుట్టూ గట్టు కట్టుకున్న పక్షిని ఎవరూ చూసి ఉండరు. ఆ పని చేసింది ఒక్క మనిషే!

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ దేవుడు అమర్చిన పళ్లెం వంటిది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరదను తనలో ఇముడ్చుకుని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదలడం దాని పని. అందులో ప్రతి ప్రాణికీ ఒక పని ఉంది. కిక్కిస, తుంగ తమ వేళ్లతో ఒండ్రును పట్టి నీటిని తేర్చుతాయి. ఆ మొదళ్ల చాటున చేపపిల్లలు పెరుగుతాయి. చేపను తిన్న పక్షి రెట్ట నీటికి ఎరువై, మళ్లీ చేపకు మేతను పెంచుతుంది. తీసుకోవడం, తిరిగి ఇవ్వడం! లంక గ్రామాల జాలరులు కూడా తరతరాలుగా వలలతో, మావులతో ఆ లెక్కలోనే బతికారు.

ఆ లెక్క తప్పించింది మన ఆశ. 1970లలో పేద జాలరుల ఉపాధి కోసమని సొసైటీల పేరిట మొదలైన చేపల చెరువులు క్రమంగా డబ్బున్నవారి చేతుల్లోకి వెళ్లాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఐదో కాంటూరు లోపలి గట్లను కొట్టేశారు. ఆనాడు లీజుదారుకు పెట్టుబడి పోయింది, కూలికి వెళ్లే జాలరికి పూట గడవడమే కష్టమైంది. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

గుర్రపు డెక్కను అందరం తిట్టుకుంటాం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటిపై చాపలా పరుచుకుని వెలుతురును లోపలికి పోనివ్వదు, నీటి పారుదలకు అడ్డుపడుతుంది. కానీ పొలాల ఎరువులతో, ఊళ్ల మురుగుతో దాన్ని మేపుతున్నదెవరు? మనమే కదా!

ఏదెనులో నరుని ఉంచినప్పుడు దేవుడు అతనికి రెండు పనులు అప్పగించాడు (ఆది 2:15). ఒకటి సేద్యం, రెండోది కావలి. కావలికి హెబ్రీ భాషలో వాడిన మాట 'షామర్'. తమ్ముణ్ని చంపిన కయీను దేవుని ప్రశ్నను తప్పించుకోవడానికి వాడిన మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే (ఆది 4:9). తోటకు కావలి మానినవాడు తోబుట్టువుకూ కావలి మానతాడన్నమాట! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ విపత్తుకు కారణాలు అనేకం. కానీ వరద సాగవలసిన దారి, నిలవవలసిన చోటు ఇరుకైతే నీరు వచ్చేది మన తోబుట్టువుల ఇళ్లలోకేనని ఆనాడు కళ్లారా చూశాం. పొలానికి పొలం కలుపుకుంటూ ఇతరులకు చోటు లేకుండా చేసేవారిని యెషయా ప్రవక్త ఊరికే హెచ్చరించలేదు (5:8).

బోధకులమైన మేమూ నిర్దోషులం కాము. కొత్త చెరువులో చేపపిల్లలను వదిలే రోజున ప్రార్థనకు పిలిస్తే వెళ్లాం. గట్టు మీద నిలబడి, దీవించమని దేవుని వేడుకున్నాం. ఆ గట్టు ఎవరి నీటికి అడ్డంగా ఉందో ఒక్కనాడూ అడగలేదు. చేపలు పట్టాక వచ్చిన కృతజ్ఞతార్పణను మాత్రం కానుక సంచిలో వేసుకున్నాం. గూడబాతు సంచికైనా ఒక హద్దుంది!

మేత కోసం కష్టపడే కూలివాణ్ని నిందించడం మా ఉద్దేశం కాదు. అతనికి మరో బతుకుదారి చూపకుండా గట్లు మాత్రం తెంచితే అదీ న్యాయం కాదు. కానీ సరస్సు అందరిది, దాన్ని చేసినవాడు దేవుడు. అందుకే ఇకపై గట్టు మీద ప్రార్థనకు ఎవరు పిలిచినా, చేతులెత్తే ముందు ఒక్క ప్రశ్న అడగాలనుకుంటున్నాం: "అయ్యా, ఈ నీరు మీదేనా?"