పదో తరగతి ఇంగ్లీషు: చదవడం ఎవరు నేర్పాలి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు గురించి ఐదారేళ్లుగా సాగుతున్న వాదన అంతా మాధ్యమం చుట్టూనే తిరుగుతోంది. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ జీవో 81 వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో టోఫెల్ పరీక్ష ఒప్పందం కుదిరినప్పుడు, 2024లో ప్రభుత్వం మారాక ఆ టోఫెల్ మూలనపడినప్పుడు, ప్రతిసారీ రెండు పక్షాలూ పాత మాటలే అన్నాయి. చేతికి ఒక పేజీ ఇంగ్లీషు ఇస్తే పిల్లవాడు చదివి అర్థం చేసుకోగలడా, లేకపోతే ఆ విద్య ఎవరు నేర్పాలి అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. టోఫెల్ తెచ్చినవారిదీ తప్పే, దాన్ని తీసేసి ఆ చోట ఏమీ పెట్టనివారిదీ తప్పే. పదో తరగతి పిల్లలకు కావలసింది విదేశీ పరీక్ష కాదు. ఎన్నడూ చూడని పాసేజ్‌ని పక్కన కూర్చుని చదివించే ఉపాధ్యాయుడు కావాలి, ఆ చదువుకు మార్కులిచ్చే ప్రశ్నపత్రం కావాలి.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని ఉదాహరణ జపాన్. జీవో 81 వచ్చిన నెలలోనే, 2019 నవంబరు 1న, జపాన్ విద్యామంత్రి హగియుడా ఒక పెద్ద పథకాన్ని వాయిదా వేశారు. విశ్వవిద్యాలయ ప్రవేశాలకు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, ఐకెన్ వంటి ప్రైవేటు పరీక్షల స్కోర్లను లెక్కలోకి తీసుకోవాలన్నది ఆ పథకం. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు, పరీక్షా కేంద్రాలకు దూరంగా ఉన్న పల్లెల పిల్లలు దెబ్బతింటారని హైస్కూలు ప్రిన్సిపాళ్లే అభ్యంతరం చెప్పారు. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు పోటీపడాలన్న అర్థంలో మంత్రి ఒక టీవీ కార్యక్రమంలో మాట్లాడటం ఆ కోపానికి ఆజ్యం పోసింది. 2021లో పథకాన్ని పూర్తిగా విరమించుకున్నారు. అదే ఏడాది జనవరిలో మొదలైన కొత్త ఉమ్మడి ప్రవేశ పరీక్షలో ఉచ్చారణ ప్రశ్నలు, విడి వ్యాకరణ ప్రశ్నలు తీసేశారు. రీడింగ్ పేపరు 100 మార్కులకూ చదివి అర్థం చేసుకోవడమే. జపాన్ ఇలా తేల్చుకున్న రెండేళ్లకు మనం టోఫెల్ ఒప్పందం మీద సంతకం పెట్టాం.

జపాన్‌తో మనకేం పోలిక అనేవారు రెండు భాషల వాక్యాన్ని చూడాలి. తెలుగులో లాగే జపనీస్‌లోనూ క్రియ చివర్లో వస్తుంది, విభక్తి నామం తర్వాత చేరుతుంది, ఆర్టికల్స్ లేవు. 'నిన్న సంతలో కొన్న పుస్తకం' అని విశేషణమంతా ముందు చెప్పి పుస్తకాన్ని చివర పెడతాం. వాళ్లూ అంతే. ఇంగ్లీషు పుస్తకాన్ని ముందు చెప్పి, మిగతాదంతా వెనక తగిలిస్తుంది. పొడవాటి వాక్యంలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని టోక్యోలో పిల్లవాడు తడబడే చోటే కృష్ణా జిల్లా బాపులపాడు పిల్లవాడూ తడబడతాడు. ఆ తడబాటును ఖాళీలు పూరించే బిట్లు తీర్చవు. వాక్యాన్ని విడదీసి, ఏ మాట దేనికి చెందుతుందో చూపిస్తూ పేజీల కొద్దీ చదివిస్తేనే తీరుతుంది. వ్యాకరణం అక్కర్లేదని నేను అనడం లేదు. అది పాసేజ్ లోపల పనిచేయాలి అంటున్నాను.

మన పదో తరగతి దారి దీనికి ఎదురు. యాక్టివ్‌ని పాసివ్‌లోకి మార్చడం, రిపోర్టెడ్ స్పీచ్, ప్రిపొజిషన్ బిట్లు, పాఠంలోంచి తీసిన పాసేజ్‌లు, వాటికి గైడులో సిద్ధంగా ఉన్న జవాబులు. ఇంతా చేసి ఫలితమేమిటి? 2023లో అసర్ విద్యా సర్వే దేశవ్యాప్తంగా 14-18 ఏళ్ల గ్రామీణ పిల్లల చేత చదివిస్తే ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతమే. వారిలోనూ అర్థం చెప్పగలిగినవారు ముప్పాతిక వంతుకు మించలేదు. ఆ బాపులపాడు పక్కనున్న హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు రోడ్డెక్కితే ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ సీటు పదో తరగతి మార్కులతోనే వస్తుంది. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్ల అక్కడ చేరిన మొదటి వారంలోనే ఇంగ్లీషు భౌతికశాస్త్ర పుస్తకం ముందు కూర్చోవాలి. ఆ పేజీలో బిట్లుండవు.

ప్రశ్నపత్రాన్ని మార్చితే ఫలితాలు పడిపోతాయన్నది అధికారుల మాట. పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. ఈ హెచ్చుతగ్గుల్లో ఏదీ పిల్లలు ఇంగ్లీషు ఎంత చదవగలరో చెప్పదు. టోఫెల్ ఫీజు ప్రభుత్వమే కట్టింది కదా అన్నది ఇంకొకరి వాదన. నిజమే, అయితే పరీక్ష కొలుస్తుంది, నేర్పదు. ఆ పరీక్షకు పిల్లలను తయారుచేయడానికి కేటాయించిన బడి సమయాన్ని చదివించడానికి వాడి ఉంటే పిల్లలకు ఏదో ఒకటి దక్కేది. జపాన్ వాళ్లకే ఇంగ్లీషు మాట్లాడటం రాదు కదా అన్నది మూడో మాట. వాళ్ల మాట్లాడే తీరును ఎవరూ తెచ్చుకోమనడం లేదు. అంత సంపన్న దేశమే ప్రైవేటు పరీక్షను పేదపిల్లల మీద రుద్దలేక వెనక్కి తగ్గి, సొంత ప్రశ్నపత్రాన్ని చదువు వైపు తిప్పుకుంది. మనం ఆ ఒక్క పని ఎందుకు చేయం?

దీనికి విదేశీ ఒప్పందం అక్కర్లేదు, కొత్త జీవో మీద కోర్టుకెక్కే అవసరమూ రాదు. ప్రభుత్వ పరీక్షల విభాగం పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రం బ్లూప్రింటు మారిస్తే చాలు: పాసేజ్‌లన్నీ పాఠ్యపుస్తకం బయటివి, వ్యాకరణ ప్రశ్నలన్నీ ఆ పాసేజ్‌ల లోపలివి. ఈ ఏడాది తొమ్మిదిలో చేరే పిల్లల నుంచి అమలు చేస్తే ఎవరికీ అన్యాయం జరగదు, ఉపాధ్యాయులకు రెండేళ్ల వ్యవధి దొరుకుతుంది. మాధ్యమం మీద గొంతు చించుకున్న నాయకుల్లో ఒక్కరు కూడా శాసనసభలో ఈ ప్రశ్నపత్రాన్ని చేతపట్టుకుని మాట్లాడకపోతే, వాళ్ల బాధ పిల్లల చదువు గురించి కాదనే అనుకోవాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి కొత్త బ్లూప్రింటు చేరకపోతే, డబ్బు లేదనో తీర్పు అడ్డొచ్చిందనో చెప్పే హక్కు ఎవరికీ లేదు.