పరదేశమునుండి ఓటు

పరదేశమున నివసించు అమెరికా పౌరులు తమ అధ్యక్షుని యెన్నికలో ఓటు వేయుటకు 1975 నాటి చట్టము హక్కు కల్పించినది. అట్టిచోట అభ్యర్థికై ప్రచారమనఁగా ఉపన్యాసము లంతగాఁ గావు. తోడి పౌరులను వెదకి, ఓటుపత్రమునకై దరఖాస్తు నింపించి, గడువులోపల పంపించుటయే. ఆ ఓటు వారు అమెరికాలో కడపట నివసించిన రాష్ట్రమున లెక్కకు వచ్చును. కొలఁది ఓట్లేమి చేయునని తేలికగాఁ జూడరాదు. 2000లో ఫ్లారిడాను 537 ఓట్లతో గెలిచి జార్జి బుష్షు అధ్యక్షుఁడయ్యెను! హైదరాబాదులో కాపురమున్న అమెరికా పౌరురాలగు కోడలు ఈ పనికిఁ బూనుకొన్నచో, భారతీయురాలగు అత్తగారు అభ్యర్థికిఁ జందా యీయరాదు, అది చట్టనిషిద్ధము. జీతము పుచ్చుకొనక కవరులపైఁ జిరునామాలు వ్రాసిపెట్టవచ్చును. అత్తగారి దస్తూరి బాగున్నచో మఱియు మేలు.