బీదర్‌లో సముద్రం ఎక్కడుంది అని అడిగినవారికి

ఈసారి పోస్టు బాగా పొడుగు. ఓపిక లేనివారు చివరి రెండు పేరాలు చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి. రైల్వే పార్సిల్ కౌంటరులో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి, తిట్లు నాకు కొత్త కాదు. నా చదువు తమిళ మీడియం, తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి. విషయాన్ని మాత్రం పక్కకు తోయకండి.

మొన్న ఆదివారం మన ప్రతిభా పురస్కారాల కమిటీ కూర్చుంది. మెడిసిన్ సీటు వచ్చినవారు ఇద్దరు, ఇంజినీరింగ్ పిల్లలు నలుగురు, సీఏ పాసైన అబ్బాయి ఒకడు. ఎవరికీ అభ్యంతరం లేదు. ఎనిమిదో పేరు దగ్గర బండి ఆగింది. మన సభ్యుల ఇంటి పిల్లే. బీదర్‌లో బీఎస్సీ చదివి, బయటికి వెళ్లి మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు ఉద్యోగం తెచ్చుకుంది. వేల మీటర్ల లోతున, సముద్రం అడుగు బురదలో బతికే జీవులను గుర్తుపట్టే పని. ఒక పెద్దమనిషి నవ్వి, "బీదర్‌లో సముద్రం ఎక్కడుందండీ? చేపల చదువుకి శాలువానా?" అన్నారు. అందరూ నవ్వారు. పేరు కొట్టేశారు.

నేనూ అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. టీ తాగి ఇంటికొచ్చేశాను. మర్నాడు తెలిసింది, ఆ మాట పిల్ల తండ్రి చెవిన పడిందని. "సంఘంలోనే నవ్వారు, రేపు సంబంధానికొచ్చేవాళ్లు ఏమంటారు" అని ఆయన బీఎడ్ దరఖాస్తు తెచ్చి ఇంట్లో పెట్టారట. ఉద్యోగంలో చేరడానికి ఆ అమ్మాయికి నెలాఖరు వరకే గడువు. మన నవ్వు ఖరీదు అది. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. అయ్యా, మీరు రోజూ నందినగర్ వైపు వెళ్తుంటారు. అక్కడి విశ్వవిద్యాలయం బోర్డు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం. 2004 చట్టంతో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం మన బీదర్. 1969లో మంగళూరులో పెట్టిన మత్స్య కళాశాల కూడా దాని కిందే ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న కాలేజీకి పెద్దాఫీసు మన ఊళ్లో ఉంటే, బీదర్‌కి సముద్రంతో ఏం పని అని మనం నవ్వుతున్నాం.

ఇంకా వెనక్కి వెళ్లండి. మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ ఎక్కడివాడు? కాస్పియన్ సముద్రం పక్కన గీలాన్ నుంచి వచ్చాడు. ఆయన కాలంలోనే అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు బీదర్‌లో ఉండి, చూసింది రాసుకున్నాడు. ఆ రాతకు ఈనాటికీ ఉన్న పేరు మూడు సముద్రాల అవతలి ప్రయాణం. అయిదు వందల ఏళ్ల కిందట సముద్రాలు దాటినవాళ్లకు బీదర్ దూరం కాలేదు. ఇప్పుడు బీదర్ పిల్ల సముద్రం దగ్గరికి వెళ్తానంటే మనకు దూరమైపోయింది.

రెండో మాట, "చేపల చదువు". ఇది తెలియక అన్నది కాబట్టి చెబుతాను. మా పార్సిల్ ఆఫీసులో అన్‌కనెక్టెడ్ అని ఒక మాట ఉండేది. లేబుల్ ఊడిపోయి, కాగితం లేకుండా దిగిన మూట. ఎక్కడ బుక్ చేశారో, ఎవరికి చేరాలో తెలియదు. అలాంటి మూట షెడ్డులో ఉంటే రైల్వేకి ఆస్తి కాదు, తలనొప్పి. పాడైనా, పోయినా అడిగే నాథుడు ఉండడు. లోతు సముద్రంలో బతికే జీవుల్లో ఎక్కువభాగం ఇప్పుడు ఆ మూటల స్థితిలోనే ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలో గనుల కోసం దేశాలు కన్నేసిన క్లారియన్ క్లిపర్టన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ దొరికిన జాతులు 5,578 ఉంటాయని 2023లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వాటిలో పేరున్నవి 436. మిగతా అయిదు వేల పైచిలుకుకి పేరే లేదు.

పేరు పెట్టడమంటే నామకరణం ఫంక్షన్ కాదు. ఓడ మీద వారాల తరబడి ఉండాలి. వేల మీటర్ల కిందికి పెట్టె దించి బురద పైకి లాగాలి. ఆ బురదను సన్నటి జల్లెడల్లో కడగాలి. మిగిలినదాన్ని సీసాల్లో భద్రపరిచి, ఒడ్డుకొచ్చాక నెలలకొద్దీ మైక్రోస్కోపు ముందు కూర్చోవాలి. వెంట్రుకంత పురుగుకు దవడ ఎలా ఉంది, ముళ్లు ఎన్ని అని బొమ్మ గీయాలి. వందేళ్ల కిందట కలకత్తాలోనో లండన్‌లోనో దాచిన నమూనాతో పోల్చాలి. డీఎన్ఏ తీయాలి. అప్పుడుగానీ ఇది ఫలానా అనో, ఇది ఇంతవరకు ఎవరూ చూడనిది అనో తేలదు. ఇది ఒక్క ఏడాదిలో వచ్చే విద్య కాదు. చెయ్యి, కన్ను కుదరడానికే ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మెడిసిన్ పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి వినాలి. మన బంగాళాఖాతం అడుగున ఏముందో తొలిరోజుల్లో లోకానికి చెప్పినవాళ్లలో ముఖ్యుడు ఒక డాక్టరు. పేరు ఆల్ఫ్రెడ్ ఆల్కాక్. 1881లో బొంబాయిలో కట్టిన ఇన్వెస్టిగేటర్ అనే ప్రభుత్వ ఓడలో 1888 నుంచి 1892 వరకు సర్జన్ నేచురలిస్టుగా పనిచేశాడు. ఓడ అసలు పని నౌకల కోసం పటాలు గీయడం. అడుగు జీవులను పట్టడం పక్క పని. ఆ పక్క పనిలోనే కృష్ణా, గోదావరి డెల్టాల ముందు, విశాఖ ముందు వల దించారు. బాతినోమస్ అనే జీవి ఉంది. మన ఇళ్లలో తడి ఇటుకల కింద పాకే బూడిదరంగు పురుగుకు చుట్టమే, కానీ అడుగు పొడుగు పెరుగుతుంది. అమెరికా వైపు సముద్రంలో ఒకటి దొరికాక, మళ్లీ బంగాళాఖాతంలో దొరికిందని 1891లో ప్రకటించినవారు ఉడ్ మేసన్, ఆల్కాక్. అరేబియా సముద్రపు లోతుల్లో దొరికిన గుడ్డి కరెంటు చేపకు పేరు పెట్టింది కూడా ఆల్కాకే. 1902లో ఆ అనుభవాలన్నీ పుస్తకంగా వేశాడు. 1906లో కలకత్తా మ్యూజియం ఉద్యోగం వదిలి, ఇంగ్లండు వెళ్లి, మళ్లీ వైద్య బోధనలో పడ్డాడు.

తెల్లవాడి గొప్ప పాడటానికి ఇదంతా చెప్పడం లేదు. తిరగేసి చూడండి. మన తీరం ముందున్న జీవులకు పేర్లు పెట్టింది పరాయి ప్రభుత్వపు డాక్టరు. నమూనాలు కలకత్తా చేరాయి, అక్కడే 1916లో జూలాజికల్ సర్వే ఏర్పడింది. మన మనుషులు ఆ ఓడలో లేరా? ఉన్నారు. వల లాగినవాళ్లు, బొగ్గు వేసినవాళ్లు. పేరు పెట్టే కుర్చీలో మాత్రం లేరు. ఆ కుర్చీ ఇప్పుడు మన పిల్లకు దొరికితే మనం నవ్వి లేపేస్తున్నాం.

తెలుగువాళ్లకు ఇది కొత్త దారి కూడా కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు గార్లు వాల్తేరు బీచి ఇసుకలో, రేణువుకీ రేణువుకీ మధ్య బతికే జీవుల మీద పనిచేసి 1962లో ప్రచురించారు. మనం అదే ఇసుకలో కూర్చుని వేరుశనక్కాయలు తినొస్తాం. అంతకుముందు 1950లలో అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే శాస్త్రవేత్త అదే యూనివర్సిటీవారితో కలిసి విశాఖ ముందు సముద్రాన్ని కొలిచాడు. అక్కడ నీటి అడుగున ఉన్న ఒక లోయ పేరు ఏమిటో తెలుసా? ఆంధ్ర. పక్కన ఇంకొకటి మహదేవన్, అక్కడి భూగర్భశాస్త్ర ప్రొఫెసర్ పేరు. ప్రతి ఉగాదికి స్టేజీ మీద తెలుగు వైభవం గురించి గంటసేపు మాట్లాడతాం. ఆంధ్ర పేరుతో సముద్రం అడుగున లోయ ఉందని మనలో ఎంతమందికి తెలుసు? పోయినవారం దాకా నాకూ తెలియదు. ఆ పిల్ల చెబితే తెలిసింది.

"ఉపయోగం ఏమిటి" అని అడిగేవారికి. 1981 జనవరి 26న గవేషణి అనే మన ఓడ హిందూ మహాసముద్రం అడుగు నుంచి లోహపు గుండ్లు పైకి తీసింది. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ ఉన్న బంగాళదుంపల్లాంటి ముద్దలు. ఇప్పుడు అక్కడ 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు మన దేశానికి ఉంది. అంతర్జాతీయ సంస్థతో 2002లో ఒప్పందం రాసుకున్నాం. 2021లో కేంద్ర ప్రభుత్వం లోతు సముద్ర పథకానికి 4,077 కోట్లు మంజూరు చేసింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల కిందికి తీసుకెళ్లే మత్స్య 6000 చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేతుల్లో తయారవుతోంది. మనుషులు కూర్చునే టైటానియం గోళం అడ్డకొలత 2.1 మీటర్లు. సంతోషం. నేను చప్పట్లు కొట్టేవాణ్ణే.

కానీ ఆ గుండ్లు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. వాటిని అంటుకునీ, వాటి చుట్టూ బురదలోనూ జీవులుంటాయి. 1989లో పెరూ ముందు సముద్రంలో శాస్త్రవేత్తలు అడుగును దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత వెళ్తే ఆ చాళ్లు అలాగే కనిపించాయి. మన పొలంలో ఒక్క వానకు చెరిగిపోయే చాలు అక్కడ ఒక తరం గడిచినా చెరగదు. రేపు ఏ దేశమైనా అక్కడ తవ్వితే, ఏం పోయింది అని అడిగినప్పుడు జాబితా ఎవరు ఇవ్వాలి? పేరే లేనిది పోయిందని ఎలా రాస్తారు? మా షెడ్డులో లేబుల్ లేని మూట పోతే నష్టపరిహారం కేసే ఉండేది కాదు. అదే లెక్క.

ఇక్కడ ఢిల్లీవారికి కూడా ఒక మాట. కొత్త రైలు మంజూరు చేసి, డ్రైవరును, గార్డును, ట్రాక్‌మన్‌ను ఏడాదికోసారి కాంట్రాక్టు మీద మారుస్తూ ఎవరైనా బండి నడుపుతారా? సముద్రం కిందికి వెళ్లే యంత్రానికి వేల కోట్ల పథకం ఉంది. అది తెచ్చిన సీసాను చదవాల్సిన మనిషి మాత్రం ప్రాజెక్టు ఉన్నంతవరకే. ప్రాజెక్టు ముగిస్తే పెట్టె సర్దుకోవాలి. కన్ను కుదిరే సమయానికి ఉద్యోగం పోతుంది. తల్లిదండ్రులు భయపడటంలో న్యాయం ఉంది, నేను కాదనను. నెట్ పాసైన జూనియర్ ఫెలోకి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దెభత్యం అదనం. ఆకలితో చచ్చే జీతం కాదు, కానీ పర్మనెంటు కాదు. లోతు సముద్ర జీవులను గుర్తించేవారికి శాశ్వత పోస్టులు కావాలని అడగాల్సింది మనమే. అడగకుండా పిల్లల్నే వెనక్కి లాగితే, "అభ్యర్థులే లేరు" అని ఫైలు మూసేస్తారు. ఫైళ్లు ఎలా మూస్తారో నాకు బాగా తెలుసు.

"ఆడపిల్ల ఓడ మీద వారాలకొద్దీనా?" అన్నవారికి: 1983లో బయల్దేరిన అంటార్కిటికా యాత్రలో అదితి పంత్, సుదీప్త సేన్‌గుప్తా ఉన్నారు. నలభై ఏళ్లు దాటింది. మంచు ఖండానికి వెళ్లొచ్చినవారిని దేశం గౌరవించింది. మనం కొచ్చి దాకా పంపడానికి వణుకుతున్నాం.

నేను చదువుకున్న బళ్లో తమిళ అయ్యవారు ఒకసారి చెప్పారు. లోతు సముద్రాన్ని తమిళంలో ఆళ్‌కడల్ అంటారు, ఆ ఆళ్ అన్న మాటే ఆళ్వార్‌లోనూ ఉంది, లోతుకు మునిగినవాడని అర్థం అని. పరీక్ష కోసం రాసుకుని మర్చిపోయాను. మొన్న ఆ అమ్మాయి ఫోనులో ఒక పురుగు బొమ్మ చూపిస్తూ, దాని ముళ్లు లెక్కపెడుతూ, నేను పక్కన ఉన్న సంగతే మర్చిపోయింది. అప్పుడు అయ్యవారి మాట గుర్తొచ్చింది.

ఇక నేను అడిగేది. ఒకటి, వచ్చే సర్వసభ్య సమావేశంలో పురస్కారాల నియమం మార్చాలని తీర్మానం పెడుతున్నాను. మెడిసిన్, ఇంజినీరింగ్ అని రాసిన చోట "ఏ విద్యలోనైనా" అని రాయాలి. బలపరిచేవారు కింద పేరు రాయండి. వ్యతిరేకించేవారు సమావేశానికొచ్చి మైకులో చెప్పండి, టీ కప్పు పట్టుకుని నవ్వడం కాదు. రెండు, ఆ శాలువా ఖర్చు నా పెన్షన్ నుంచి ఇస్తాను, సంఘం డబ్బు అక్కర్లేదు. కానీ కప్పాల్సింది సంఘమే.

మూడోది ఆ అమ్మాయి తండ్రికి. తమ్ముడూ, ఆ రోజు నవ్విన గదిలో నేనూ ఉన్నాను, నోరు మూసుకున్నాను. క్షమించు. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులుంది. బీఎడ్ వచ్చే ఏడాదీ ఉంటుంది, ఆ ఓడ ఉండదు. టికెట్టు నేనే రిజర్వు చేయిస్తాను. ఆ పని ఒక్కటి మాత్రం నాకు ఇంకా బాగా వచ్చు.