సముద్రం దాటిన పెళ్లి

మొన్న సెలవు రోజు కూర పొయ్యి మీద పెట్టి మా గదిలో అందరం ఒకే ఫోన్ చుట్టూ చేరాం. తెర మీద ఇటలీ. ద్రాక్షతోటలు, పాత రాతి ఇళ్లు, మధ్యలో పూల మండపం. 2023 నవంబరు 1న మన వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠీల పెళ్లి జరిగింది ఆ దేశంలోనే, టస్కనీలో. అంతకుముందు 2017లో విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మల పెళ్లీ టస్కనీలోనే. 2018లో దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ కోమో సరస్సు ఒడ్డున చేసుకున్నారు.

"వీళ్లకు ఊళ్లో జాగ దొరకలేదా అన్నా?" అన్నాడు పై మంచం తమ్ముడు. అందరం నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. వచ్చే మాఘంలో వాడి చెల్లెలి పెళ్లి.

ఇంతకీ అలాంటి పెళ్లి ఎలా చేస్తారు? ముందు వీసాలు. ఇటలీకి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. వందమందిని పిలిస్తే, ఒక్కరూ విస్తరి ముందు కూర్చోకముందే 9,000 యూరోలు అయిపోయినట్టే. తర్వాత విమానం టిక్కెట్లు, హోటల్ గదులు. పంతులుగారినీ ఇక్కడినుంచే తీసుకెళ్లాలంటే ఆయనకూ ఇవన్నీ.

కాగితాల పనీ ఉంది. అక్కడి చట్టం ప్రకారం పెళ్లి చెల్లాలంటే, ఈ పెళ్లికి అడ్డేమీ లేదని సొంత దేశం నుంచి పత్రం చూపించాలి. ఈ తిప్పలెందుకని చాలామంది రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే ముగించి, వేడుక మాత్రం అక్కడ జరుపుకుంటారు. మనలో ఎవరికైనా పరాయి దేశంలోనే పెళ్లాడే అవసరం వస్తే 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. వధూవరుల్లో ఒకరైనా అక్కడ 30 రోజులు నివాసం ఉండి, మన ఎంబసీలో నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలకు మరో 30 రోజులు. వివరాలు ఎంబసీలోనే అడగండి, ఏజెంటును కాదు.

ఇన్ని తిప్పలున్నాయి కాబట్టే అంత డబ్బున్నవాళ్లు కూడా ముందు చేసేది ఒకటే పని. లిస్టు కోయడం. అయినవాళ్లు, ప్రాణస్నేహితులు, అంతే. మిగతావాళ్లకు ఇంటికొచ్చాక విందు. వరుణ్ తేజ్ వాళ్లూ నవంబరు 5న హైదరాబాదులో రిసెప్షన్ పెట్టారు.

మనవాళ్లు ఈ పెళ్లిళ్లు చూసి నేర్చుకున్నది సెట్టింగు. నేర్చుకోవాల్సింది లిస్టు. తమ్ముడి ఇంట్లో ఇప్పుడు సంగీత్ అంటున్నారు, డ్రోన్ అంటున్నారు, పెళ్లికి ముందే రిసార్టులో ఫొటోలంటున్నారు. కార్డులు పదిహేను వందలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టేదీ చేసేదీ ఇక్కడి చెమటతోనే అని మాత్రం వాళ్లు చెప్పలేదు.

లెక్క వేసుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెస్తే నెలకు 8 వేలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఒక్క రాత్రి లైట్ల కోసం మరో రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలా? వాళ్లు పెళ్లి చేసుకోవడానికి సముద్రం దాటారు. మనం పెళ్లి ఖర్చుకోసం దాటాం.

ఆ రాత్రే తమ్ముడు ఇంటికి ఫోన్ చేశాడు. "చెల్లెకు బంగారం తగ్గియ్యకు నాయినా. డ్రోన్ తీసెయ్యి" అన్నాడు. ఊళ్లో ఏమనుకుంటారని అమ్మ ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "లిస్టు మళ్లీ రాస్తం బిడ్డా" అన్నాడు.

కంపెనీ సెలవు ఇవ్వనంది. తమ్ముడు చెల్లెలి పెళ్లి ఫోన్లోనే చూడాలి. అందుకే ఆ రోజు తలంబ్రాల వేళకు గదిలో ఎవరూ ఓవర్‌టైం పెట్టుకోకూడదని మేమంతా ఒక మాట అనుకున్నాం.