పొట్ట తగ్గాలంటే ముందు ఊపిరి

కాన్పయ్యాక పొట్ట తగ్గాలని కొందరు బాలింతలు తొందరపడి సిటప్స్ మొదలుపెడతారు. బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు పక్కలకు జరుగుతాయి. అవి దగ్గరపడకముందే సిటప్స్ చేస్తే పొట్ట నడిమధ్య గుట్టలా ఉబ్బవచ్చు. పిలాటిస్‌లో తల ఎత్తి నూరు లెక్కపెడుతూ చేసే ‘హండ్రెడ్’నూ అప్పటికి పక్కనపెట్టాలి.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి బొడ్డుపైన వేళ్లు ఆనించి చూడండి. రెండు వేళ్లకు మించి సందుంటే ఫిజియోథెరపిస్టును కలవాలి.

డాక్టరు సరేనన్నాక మొదట చేయాల్సింది తేలికే. ముక్కుతో గాలి పీల్చి, నోటితో మెల్లగా వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగించి పొట్టను లోపలికి లాగాలి. పీల్చేటప్పుడు వదిలేయాలి. సిజేరియన్ అయితే మరింత నిదానం అవసరం. తొమ్మిది నెలలు సాగిన పొట్ట తొమ్మిది రోజుల్లో తగ్గదు.